హైపో వాసన

గుంటూరు కొత్తపేటలో నాన్న పనిచేసిన నర్సింగ్ హోము భవనాన్ని పడగొడుతున్నారు. అప్పటి డాక్టరు గారి కోడలు ఫోను చేసి, "మీ నాన్నగారి రేకుపెట్టె ఒకటి ఎక్స్‌రే గది అటక మీద ఉండిపోయిందండీ, ఎవరినైనా పంపిస్తారా?" అని అడిగారు. ఇంకొకరిని పంపించే పని కాదది. నేనే బెంగళూరులో రైలెక్కాను.

పెట్టె మూత ఎత్తగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. హైపో! ఎక్స్‌రే ఫిల్ము మీద బొమ్మ నిలిచిపోవడానికి ముంచే మందు. స్టీలు హ్యాంగర్ల మూలల్లో తెల్లగా పేరుకుపోయిన ఉప్పులో ఆ వాసన ఇన్నేళ్లూ బతికే ఉంది. నాన్న చొక్కాలన్నిటికీ అదే వాసన. అమ్మ వాటిని విడిగా నానబెట్టేది. ఆయన వీధి గుమ్మం దాటకముందే వచ్చారని మాకు తెలిసిపోయేది.

హ్యాంగర్ల కింద గుడ్డలో చుట్టిన సీసపు అక్షరాలు, చెక్క ఒరలో థర్మామీటరు, అట్ట ఊడిపోయిన నోటుపుస్తకం ఉన్నాయి. పుస్తకంలో నాన్న గుండ్రటి అక్షరాలు. "ఛాతీ, సన్నటి మనిషి." "ఛాతీ, భారీ మనిషి." "నడుము, పక్క నుంచి." ఒక్కొక్కదాని ఎదురుగా ఎన్ని కేవీ, ఎంత ఎంఏఎస్ అన్న అంకెలు, అంటే ఎక్స్‌రే ఎంత బలంగా, ఎంత మోతాదులో పంపాలన్న లెక్కలు. కొన్నిటిని కొట్టేసి, అనుభవం మీద మార్చి రాసుకున్నారు.

నా ఉద్యోగ జీవితమంతా విలోమ సమస్యల మీద గడిచింది. బయట కొలిచిన అంకెలను పట్టుకుని లోపల ఏముందో లెక్కగట్టే గణితం అది. ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను చెప్పే చోటు ఆ డార్క్‌రూమే.

*

బడి వదిలాక తిన్నగా నర్సింగ్ హోముకే వెళ్లేదాన్ని. ఎక్స్‌రే తీస్తున్నంతసేపూ నాన్న నన్ను రెండు గోడల అవతల, కాంపౌండరు గారి బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. మాటలన్నీ అక్కడికి వినిపించేవి. "గడ్డం పైకెత్తండి. భుజాలు ముందుకు. ఊపిరి గట్టిగా పీల్చి బిగపట్టండి." ఆ తరవాత ట్యూబులో చక్రం తిరిగే సన్నటి రొద, టక్కుమని ఒక చప్పుడు, "ఇక వదలండి". ఆ మాట వినపడే దాకా ఇవతల నేనూ ఊపిరి బిగపట్టే ఉండేదాన్ని.

డార్క్‌రూములోకి మాత్రం రానిచ్చేవారు. తలుపుకు నల్ల తెర, లోపల ఎర్ర బల్బు, వరసగా మూడు తొట్లు: డెవలపరు, నీళ్లు, హైపో. నాన్న క్యాసెట్టు తెరిచి, ఫిల్మును అంచులు మాత్రమే పట్టుకుని హ్యాంగరు నాలుగు క్లిప్పులకూ తగిలించి, డెవలపరులో ముంచి, గాలి బుడగలు అంటుకోకుండా రెండుసార్లు పైకీ కిందకీ ఆడించేవారు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉంటే అయిదు నిమిషాలు చాలు. గుంటూరు ఎండాకాలంలో కుళాయి నీళ్లే వేడిగా వచ్చేవి కాబట్టి ఏప్రిల్ నుంచి ఊకలో చుట్టిన ఐసు దిమ్మ రిక్షాలో దిగేది. ఐసును పగలగొట్టి తొట్టి చుట్టూ ఉండే నీళ్లలో వేయాలి. తొట్టిలో ఒక్క ముక్క కూడా పడకూడదు, పడితే మందు పలచబడుతుంది. ఆ ముక్కలు వేసే పని నాది. థర్మామీటరు చూసి అంకె చదివే పనీ నాదే.

ఎర్ర వెలుతురులో ముందుగా ఫిల్ము అంచులు నల్లబడేవి. ఆ నలుపులో సీసపు అక్షరం తెల్లగా మిగిలేది. తరవాత పక్కటెముకలు ఒక్కొక్కటే తేలేవి. ఆ అక్షరం ఎందుకని ఒకసారి అడిగాను. నాన్న ఆరిన ఫిల్ము ఒకటి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. మనిషి చెయ్యి. "ఇది కుడిదా, ఎడమదా?" అని అడిగారు. కుడిదన్నాను. ఫిల్మును తిరగేశారు. ఇప్పుడది ఎడమ చెయ్యి. "ఫిల్ముకు తెలియదమ్మడూ. తీసేటప్పుడు మనం గుర్తు పెడితేనే తెలుస్తుంది."

ఒకే కొలతకు రెండు జవాబులు పొసగడం, వాటిని విడదీయడానికి బయటి నుంచి ఇంకొక సమాచారం కావలసి రావడం మా శాస్త్రంలో నిత్యం ఎదురయ్యే చిక్కు. నేను దాన్ని కిటికీ దగ్గర, ఫిల్ము తిరగేస్తే చూశాను.

మిరపకాయల రోజుల్లో ఒక సాయంత్రం, యార్డుకు బస్తాలు తోలుకొచ్చిన రైతు ఒకాయన పిల్లవాడిని భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. వాడు అర్ధరూపాయి బిళ్ల మింగాడు. నాన్న వాడి ఎదుటి నుంచి ఒక ఫిల్ము తీశారు. గొంతు కింద గుండ్రటి తెల్లటి బిళ్ల స్పష్టంగా కనబడింది. అయినా పిల్లవాడిని పక్కకు తిప్పి ఇంకొక ఫిల్ము తీశారు. అందులో బిళ్ల లేదు, సన్నటి గీత ఒక్కటే ఉంది. డాక్టరు గారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "అన్నవాహికలోనే ఉంది, శ్వాసనాళంలో లేదు" అని రైతుకు ధైర్యం చెప్పారు. అన్నవాహికలో చిక్కుకున్న బిళ్ల సాధారణంగా ఎదుటి నుంచి చూస్తే గుండ్రంగానూ, పక్క నుంచి చూస్తే అంచు మాత్రంగానూ కనబడుతుందని ఆ రాత్రి ఇంటికి నడుస్తూ నాన్న చెప్పారు. "ఒక నీడ చూసి లోతు చెప్పలేం. ఇంకొక వైపు నుంచి కూడా చూడాలి."

బయట బెంచీ మీద కూర్చున్న బంధువులు ఆయన చెయ్యి పట్టుకుని "ఏమైనా ఉందా బాబూ?" అని అడుగుతూ ఉండేవాళ్లు. ఎంత తెలిసినవాళ్లయినా నాన్న నోరు విప్పేవారు కాదు. డాక్టరు గారు చూసి చెబుతారని ఒక్క మాట అనేవారు. రోగి కదిలి బొమ్మ చెదిరితే ఆ ఫిల్మును పక్కన పారేసి మళ్లీ తీసేవారు. ఫిల్ముల కొరతలో యజమాని విసుక్కున్నా వినేవారు కాదు. ఫిల్ములో లేనిది మనం నోటితో కలపకూడదన్నది ఆయన పట్టుదల. వాడేసిన హైపో కోసం, పాత ఫిల్ముల కోసం వెండి తీసేవాళ్లు డబ్బాలతో వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఫిల్ములూ లేవు, ఆ బేరాలూ లేవు.

*

సెలవులకు పల్నాటిలో తాతయ్య ఊరు వెళ్లేవాళ్లం. నాపరాళ్ల నేల. ఒక బోరు పడి ఇంకొకటి ఎండిన ఏడాది, భూగర్భ జలాల శాఖ నుంచి ఒక సారు వచ్చాడు. అంతకుముందే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన వచ్చి చేనంతా తిరిగి వెళ్లాడు. ఈ సారు మాత్రం నాలుగు ఇనుప కడ్డీలను ఒకే వరసలో నేలలో దిగగొట్టించాడు. కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోయించాడు. చివరి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, మధ్య రెంటి మధ్య వోల్టేజీ చూసి పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత చివరి కడ్డీలను ఇంకా దూరం జరిపించాడు. దూరం పెరిగేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. తీగ చుట్ట మోసే పాలేరు వెంట నేనూ తిరిగాను.

సాయంత్రం అరుగు మీద సారు ఆ అంకెలను లాగ్ గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాడు. దాని మీద పరిచిన ట్రేసింగ్ కాగితాన్ని, సంచిలోంచి తీసిన అచ్చు గీతల పుస్తకం మీద అటూ ఇటూ జరుపుతూ పోల్చాడు. ఏ అచ్చు గీతతో అతికితే నేల పొరలు దాదాపు అలా ఉన్నట్టు. లాంతరు వెలుగులో ఆయన వేళ్లు కాగితాన్ని వెంట్రుకవాసి చొప్పున జరపడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఈ పని ఇప్పుడు కంప్యూటర్లు క్షణంలో చేస్తాయి.

"నీళ్లు పడతాయా సారూ?" అని తాతయ్య అడిగాడు.

"పెద్దాయనా, పలచటి పొరలో బాగా తడి ఉన్నా, కాస్త మందపాటి పొరలో కాస్త తక్కువ తడి ఉన్నా నాకు గీత ఒకలాగే వస్తుంది. చుట్టుపక్కల బావుల్లో ఏ లోతులో ఏ రాయి తగిలిందో మీరు చెబితే తప్ప తేల్చలేను."

తాతయ్యకు ఆ నిజాయితీ నచ్చింది. ఊళ్లో ప్రతి బావి లోతూ, రాయి రంగూ ఆయనకు నోటికొచ్చు. రాత్రి పొద్దుపోయే దాకా ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చారు. నీళ్లు పడ్డాయి. ఆ సారు పేరు తెలియదు. నా దగ్గర చదివిన విద్యార్థులందరికీ ముందస్తు సమాచారం విలువ గురించి మొదటి క్లాసులో చెప్పేది ఆ అరుగు కథే.

*

ఏసీ కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ఫోరియర్ శ్రేణులు చెప్పిన మాస్టారు బ్రాడీపేటలో ఉండేవారు. ఆదివారాలు ఆయన ఇంటి వరండాలో నలుగురైదుగురం చేరేవాళ్లం. ఒక ఆదివారం నల్లబల్ల మీద నాలుగు గళ్లు గీసి, పై వరసలో 1, 2, కింది వరసలో 3, 4 రాశారు. అడ్డంగా కూడితే 3, 7. నిలువుగా కూడితే 4, 6. గళ్లలోని అంకెలు చెరిపేసి కూడికలు మాత్రం ఉంచి, "లోపలి అంకెలు చెప్పండి" అన్నారు. ఒకడు 1, 2, 3, 4 అన్నాడు. మాస్టారు పై వరసలో 2, 1, కింది వరసలో 2, 5 రాసి కూడి చూపించారు. అవే 3, 7. అవే 4, 6.

నాకు పిల్లవాడి గొంతులోని బిళ్ల గుర్తొచ్చింది. "ఐమూలగా కూడా కూడితే తెలుస్తుంది కదండీ" అన్నాను. మొదటి పట్టికలో ఐమూల మొత్తం 5, రెండోదానిలో 7. మాస్టారు సుద్దముక్క నా చేతికిచ్చారు. "ఎన్ని వైపుల నుంచి కూడితే లోపలిదంతా ఖాయంగా తెలుస్తుందో 1917లో రాడాన్ అనే ఆస్ట్రియా గణితజ్ఞుడు తేల్చాడమ్మా. అన్ని గీతల వెంటా మొత్తాలు తెలిస్తే లోపలి బొమ్మ పూర్తిగా తిరిగి వస్తుంది" అన్నారు. ఆయన ఆ పేరు ఎక్కడ చదివారో కానీ, మా వరండాలో రాడాన్ పేరు విన్న రోజు నాకు పండగే.

పుస్తకాలకు విజయవాడ పోయేవాళ్లం. కృష్ణ మీద రైలు వెళుతుంటే పెట్టెలోని ఆడవాళ్లు నదిలోకి చిల్లర వేసి దణ్ణం పెట్టుకునేవాళ్లు. విశాలాంధ్రలో మాస్కో మీర్ ప్రచురణలు గట్టి అట్టలతో, మా బోటి వాళ్లకు అందే ధరల్లో దొరికేవి. కలన గణితం, భౌతికశాస్త్రం లెక్కలు, అవకలన సమీకరణాలు. రష్యా గణితజ్ఞుడు టిఖొనోవ్ పేరు మొదట చూసింది అలాంటి ఒక పుస్తకం వెనుక పేజీల్లోనే. నా తరం తెలుగు గణిత విద్యార్థులు ఎందరో ఆ అల్మరాల ముందు నిలబడి చదివి పెద్దవాళ్లయ్యారు. ఆ దుకాణానికి మేం ఎంత రుణపడ్డామో ఎవరూ రాయలేదు.

*

పీహెచ్‌డీకి బెంగళూరు వెళ్లాను. అక్కడి గ్రంథాలయంలో, నాన్న పనికీ మాస్టారి నాలుగు గళ్లకూ నడుమ ఉన్న దారి దొరికింది.

కార్మాక్ అనే ఆయన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో భౌతికశాస్త్రం చెప్పేవాడు. 1956లో గ్రూట్ స్కూర్ ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేస్తూ, శరీరంలో ఏ భాగం ఎక్స్‌రేను ఎంత మింగుతుందో బయటి కొలతలతో కనుక్కోవచ్చా అని ఆలోచించాడు. 1963లో, 1964లో పత్రాలు ప్రచురించాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. పత్రం నకలు కావాలని అడిగినవాళ్లలో స్విట్జర్లాండులో మంచుచరియల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి. రాడాన్ ఏనాడో ఇదే సమస్య తేల్చాడని కార్మాక్‌కు చాలా ఏళ్ల తరవాత గానీ తెలియలేదు. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఈ సంగతులేవీ తెలియకుండానే, చుట్టూ తీసిన ఎక్స్‌రే కొలతలతో శరీరం లోపలిని పొరపొరగా చూపే సీటీ స్కాను యంత్రం తయారుచేశాడు. అతని మొదటి ప్రయోగంలో ఒక బొమ్మకు కావలసిన కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటి రోగికి స్కాను తీశారు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యంలో నోబెల్ వచ్చింది.

ఆదివారం రాత్రి ఎస్‌టీడీ బూతు నుంచి ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన ఆలోచించి, "తొమ్మిది రోజులు కదలకుండా ఏ రోగి ఉంటాడమ్మడూ?" అని అడిగారు. స్కానింగులో వేగం ఎందుకు ముఖ్యమో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆ వేగాన్ని లెక్కల్లో తెచ్చినవాళ్లలో మనవాళ్లు ఉన్నారని తెలిసిన రోజు గర్వంతో నిద్రపట్టలేదు. 1971లో జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ ఒక పత్రం ప్రచురించారు. ప్రతి నీడనూ అది వచ్చిన దారి వెంటే వెనక్కి పూస్తే లోపలి బొమ్మ వస్తుంది కానీ మసకబారి వస్తుంది. పూసే ముందే నీడకు పదును పెట్టాలి. ఫోరియర్ పరివర్తనల మీదుగా చుట్టూ తిరిగిపోకుండా నేరుగా ఆ పదును పెట్టే సులువైన పద్ధతి వాళ్లు ఇచ్చారు. ప్రపంచమంతా దాన్ని రామ్-లాక్ ఫిల్టరు అంటుంది. కొల్లాజెన్ అనే ప్రొటీను నిర్మాణం తేల్చిన ఆ రామచంద్రన్ గారే ఈయన. సీటీ పాఠ్యపుస్తకాల్లో ఈ పేర్లు కనబడతాయి. మన బడి పుస్తకాల్లోనూ ఉండాలని నా కోరిక.

మా కంప్యూటర్ కేంద్రంలో తెర మీద బొమ్మలు చూసే వీలుండేది కాదు. లైన్ ప్రింటరు మీద ఒక అక్షరం పైన ఇంకొకటి కొట్టించి నలుపు పెంచేవాళ్లం. ప్రింటరు రాత్రంతా గరగరలాడేది. పొడవాటి కాగితాన్ని వరండాలో నేల మీద పరిచి, మెట్లెక్కి పై నుంచి చూస్తే అప్పుడు మెదడు ఆకారం తెలిసేది.

*

పదును పెడితే బొమ్మతోపాటు కొలతల్లోని మలినం కూడా పదునెక్కుతుంది. నా పరిశోధనంతా ఇక్కడే. ఫ్రెంచి గణితజ్ఞుడు హడమార్ మంచి సమస్యకు మూడు లక్షణాలు కావాలన్నాడు: జవాబు ఉండాలి, ఒక్కటే ఉండాలి, కొలత కాస్త మారితే జవాబూ కాస్తే మారాలి. మా సమస్యలు మూడో పరీక్షలో దాదాపు ఎప్పుడూ తప్పుతాయి. 1963లో టిఖొనోవ్ చూపిన దారి, కొలతలకు సరిపోయే జవాబుల్లో అదుపు తప్పనిదాన్ని ఎంచుకోవడం. ఎంత అదుపు చేయాలన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిందే. ఎక్కువైతే చిన్న గడ్డ మాసిపోతుంది. తక్కువైతే లేని గడ్డ మొలుస్తుంది.

ఫిన్లాండులో కువోపియో నగరంలో కొన్నాళ్లు పనిచేశాను. బయట మంచు, లోపల ఉప్పునీళ్లు నింపిన గుండ్రటి తొట్టి, దాని చుట్టూ 16 ఎలక్ట్రోడ్లు. నీళ్లలో ఒక ప్లాస్టిక్ కడ్డీ నిలబెట్టి, అంచుల్లో మాత్రమే కరెంటు పంపి, వోల్టేజీలు కొలిచి కడ్డీ ఎక్కడుందో గణించాలి. ఇదే పద్ధతితో ఇప్పుడు రోగి మంచం పక్కనే ఊపిరితిత్తుల్లోకి గాలి ఎటు వెళుతోందో చూస్తున్నారు. దీని వెనకున్న గణిత ప్రశ్నను 1980లో కల్దెరాన్ అనే గణితజ్ఞుడు వేశాడు. ఆయన కుర్రతనంలో అర్జెంటీనా చమురు సంస్థలో ఇంజనీరు. నేల మీద కొలతలతో నేల కింద ఏముందో తెలుస్తుందా అన్న ఆలోచన అప్పటిదే. 1987లో సిల్వెస్టర్, ఉల్మన్ అనే గణితజ్ఞులు మూడు డైమెన్షన్లలో, అంతకు మించిన డైమెన్షన్లలో జవాబు ఒక్కటేనని నిరూపించారు. అయితే 1988లో అలెస్సాండ్రీని చేసిన పని వల్ల ఇంకొక సంగతి స్పష్టమైంది: లోపల స్పష్టత కొంచెం పెరగాలన్నా కొలతల కచ్చితత్వం ఎన్నో రెట్లు పెరగాలి. ఆ పత్రం చదివిన రోజు నా కళ్ల ముందు పల్నాటి అరుగు, బావుల లోతులు చెబుతున్న తాతయ్య.

*

గుంటూరులో సీటీ స్కానులు వచ్చిన కొత్తలో సెలవుకు ఇంటికి వచ్చి, నాన్నను ఒక సెంటరుకు తీసుకెళ్లాను. అప్పటికి ఆయన పని మానేశారు. అక్కడి కుర్రవాడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే. "రండి గురువుగారూ" అని కుర్చీ వేశాడు. డార్క్‌రూము లేదు, తొట్లు లేవు, వాసన లేదు. తెర మీద మెదడు పొరపొరగా కదులుతోంది.

నాన్న చాలాసేపు చూశారు. "ఇది నీడ కాదు కదా, లెక్కకట్టి గీసింది కదా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే లెక్క తప్పితే లేని జబ్బు కనబడుతుందా?"

కనబడుతుందని చెప్పాను. పళ్లకు లోహం ఉంటే దాని చుట్టూ చారలు వస్తాయని, ఒక్క డిటెక్టరు చెడినా బొమ్మలో వలయాలు ఏర్పడతాయని, రోగి కదిలితే ఎముక రెండుగా కనబడవచ్చని చూపించాను. ఆ కుర్రవాడు అలాంటి బొమ్మలు రెండు మూడు వెతికి తెర మీద పెట్టాడు. నాన్న వాటిని మిగతావాటికంటే శ్రద్ధగా చూసి, "మరి డాక్టరుకు ఎవరు చెబుతారు, ఇది జబ్బు కాదు, లెక్క చేసిన గీత అని?" అన్నారు.

ఆ ప్రశ్న తరవాత నా పని దిశే మారింది. అప్పటి దాకా బొమ్మను ఇంకా చక్కగా ఎలా తీయాలా అని చూసేదాన్ని. అక్కడి నుంచి, తీసిన బొమ్మలో ఏ భాగాన్ని ఎంత నమ్మవచ్చో లెక్కగట్టడం మీదికి మళ్లాను. పదోన్నతులకు, బహుమతులకు అది అంత అక్కరకొచ్చే దారి కాదు. కానీ అవసరమైన దారి అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఇప్పుడు ఆ అవసరం ఇంకా పెరిగింది. కృత్రిమ మేధ పద్ధతులు తక్కువ ఎక్స్‌రేతో, కొద్దిపాటి కొలతలతో కళ్లు చెదిరేటంత శుభ్రమైన బొమ్మలు ఇస్తున్నాయి. రోగికి తగిలే ఎక్స్‌రే తగ్గడం నిజంగా మంచి సంగతి. కానీ కొలతల్లో అతి చిన్న మార్పుకే కొన్ని పద్ధతుల్లో లేని ఆకారాలు పుట్టుకొస్తాయని, ఉన్నవి మాయమవుతాయని 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పత్రం చూపించింది. పాత పద్ధతిలో సమాచారం చాలకపోతే బొమ్మ మసకబారేది. ఆ మసకను చూసి డాక్టరు జాగ్రత్తపడేవారు. ఇప్పుడు బొమ్మ మసకబారదు. చూడని చోట కూడా చూసినంత ధీమాగా గీస్తుంది.

నా దగ్గర చివరిగా పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది సత్తెనపల్లి. ప్రతి స్కానుకూ రెండు బొమ్మలు ఇచ్చే ప్రోగ్రాము రాస్తోంది. మొదటిది మామూలు స్కాను. రెండోది కొలతల బలం మీద వచ్చిన భాగాలను, ప్రోగ్రాము తన చదువును బట్టి పూరించిన భాగాలను వేరు చేసి రంగుల్లో చూపిస్తుంది. ఇప్పటికి ఒక్కో స్కానుకు చాలా సమయం పడుతోంది, అది తగ్గాలి. రంగులు ఎలా ఉంటే చదవడానికి వీలుగా ఉంటుందో కూడా మాకు తేలలేదు. వచ్చే నెల విజయవాడలో కొందరు రేడియాలజిస్టులు ఒక పూట మాకు కేటాయించారు. ముందు రెండో బొమ్మ లేకుండా, తరవాత దానితో కలిపి అవే స్కానులు చదివించి, ఎక్కడెక్కడ అభిప్రాయం మార్చుకుంటారో రాసుకుంటాం.